ఎంకపల్లి గాలి, బాగ్‌లింగంపల్లి గల్లీ

ఆదివారం పొద్దున అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డెక్కే కార్లలో ఒక సంభాషణ తరచూ సాగుతుంటుంది. స్టీరింగ్ దగ్గర సెలవు మీద వచ్చిన కొడుకు. వెనక సీట్లో అమ్మానాన్నలు, వాళ్ళ మధ్య నున్నటి కాగితం మీద అచ్చేసిన వెంచర్ బ్రోచర్. "ఇంకా ఆ పాత ఫ్లాట్‌లో ఏముంది నాన్నా? ఇక్కడి గాలి చూడండి" అంటాడు కొడుకు. నాన్న అద్దం దించి గాలి చూస్తాడు. బాగానే ఉందంటాడు. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చానా లేదా అని అమ్మ ఆలోచిస్తూ ఉంటుంది.

ఇదే దారిలో చిలుకూరు బాలాజీ గుడి. ఇలాంటి అమ్మలకు ఆ గుడి కొత్త కాదు. పిల్లాడి వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు, స్టాంపు పడ్డాక మళ్ళీ వచ్చి నూటెనిమిది పూర్తి చేశారు. లెక్క తప్పకుండా గళ్ళ కాగితం మీద చుట్టుకో గడి పెన్నుతో కొట్టేసుకుంటూ, మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆగకుండా తిరిగారు. వీసా దేవుడు కొలువైన మొయినాబాద్ మండలంలోనే ఇప్పుడు ఆ వీసాలు దొరికిన పిల్లల తల్లిదండ్రులకు ఇళ్ళూ ప్లాట్లూ చూపిస్తున్నారు. బేరం తెలిసినవాడు అంగడి ఎక్కడ తెరవాలో చూసుకునే తెరుస్తాడు.

కారులోని మాట ఆ కొడుకు ఒక్కడిదే అయితే దానికి జవాబు రాయక్కర్లేదు. హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్ళలో ఇవాళ అది సర్వసమ్మతమైన సలహా. కాబట్టి ముందు దాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డారు, ఇక తిరిగిరారు. పెద్దవాళ్ళు ఉంటున్నది లిఫ్టు లేని మూడో అంతస్తు. కింద ట్రాఫిక్, పొగ, ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట పార్క్ చేసిన బైకులు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే పలికే దిక్కు లేదు. నగరం నడిబొడ్డున ఉన్న ఆ ఫ్లాటు అమ్మేస్తే ఆ డబ్బుతో మొయినాబాద్, చేవెళ్ల వైపు తోటలో చిన్న ఇల్లు వస్తుంది, లేదంటే పెద్దల కోసమే కట్టిన కాలనీలో చేరొచ్చు. వేళకు భోజనం, పిలిస్తే నర్సు, గేటు దగ్గర కాపలా, చుట్టూ చెట్లు, మాట్లాడుకోవడానికి తమ ఈడువాళ్ళు. ఇంత చెప్పినా కదలనంటున్నారంటే అది అలవాటైన గోడల మీద మమకారం, కాస్త మొండితనం. నాలుగు రోజులు బెంగపడతారు, ఐదో రోజుకి సర్దుకుంటారు. వీడియో కాల్ ఎలాగూ ఉంది.

ఇందులో దురుద్దేశం లేదు. ఈ సలహా ఇచ్చేవాళ్ళలో చాలామంది, తెల్లవారుజామున ఇండియా నంబరు నుంచి ఫోన్ మోగితే గుండె జారిపోయే పిల్లలు. అయితే ప్రేమగా వేసినంత మాత్రాన లెక్క సరైపోదు. ఈ లెక్కలో కూడికలన్నీ బ్రోచర్ మీద రంగుల్లో ఉన్నాయి: గది, తోట, నర్సు, గేటు. తీసివేతలు ఏ పేజీలోనూ లేవు. చదరపు గజానికింత అని ధర కట్టలేని వాటిని రాయడం ఎవరికీ అలవాటు లేదు.

ఒకటి: "కదలననడం వట్టి మొండితనం"

బాగ్‌లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్లనే తీసుకుందాం. విద్యానగర్, మలక్‌పేట, వెంగళరావునగర్ ఏదైనా ఫరవాలేదు. పొద్దున్నే పాలపాకెట్ కోసం దిగిన రిటైర్డ్ ఉద్యోగికి ఎనిమిదయ్యేలోపు ఎంతమంది ఎదురవుతారో లెక్కపెట్టండి. పాలబూతు మనిషి, పేపర్లు విసిరే కుర్రాడు, సుందరయ్య పార్కులో నడిచే నలుగురైదుగురు, ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేస్తున్న ఆయన, షట్టర్ ఎత్తుతున్న కిరాణం సేటు, మెట్ల మీంచి బడికి దూకుతూ వెళ్ళే పిల్లలు, పూలబుట్ట దించుకునే అమ్మ. వీళ్ళెవరూ ఆయనకు స్నేహితులు కారు, బంధువులు అంతకన్నా కారు. సగంమంది పేర్లు ఆయనకు తెలీవు. కానీ రెండ్రోజులు ఆయన కనబడలేదనుకోండి, మూడోనాడు ఇస్త్రీ బట్టల మూటతో మెట్లెక్కి వచ్చిన మనిషి "ఏం సారూ, కనవడకపోతిరి, పానం మంచిగున్నదా?" అంటాడు. మందుల షాపు కుర్రాడికి ఆయన బీపీ గోలీలు ఏ తారీఖుకు అయిపోతాయో నోటికి తెలుసు.

ఇలాంటి పైపై పరిచయాల విలువను ఆర్థిక, సామాజిక శాస్త్రవేత్తలు ఎప్పుడో గుర్తించారు. మార్క్ గ్రానవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసం 'బలహీన బంధాల బలం' గురించే. ఆయన పట్టించుకున్నది ఎక్కువగా కొత్త కబురు ఎవరి ద్వారా అందుతుందన్న సంగతి. ముసలితనంలో ఆ కబురు ప్రాణం ఉందా లేదా అన్నదే కావచ్చు.

ఇది అతిశయోక్తి అనుకునేవారు 1995 జులైలో షికాగోలో ఏం జరిగిందో చూడాలి. ఆ వారం వడగాడ్పుకు నగరంలో మామూలు కన్నా 739 మంది ఎక్కువ చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, ఒంటరిగా ఉన్నవాళ్ళు. ఎరిక్ క్లైనన్‌బర్గ్ అనే సామాజికశాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండింటా పేదరికం ఉంది, ఒంటరి వృద్ధుల పాళ్ళు రెండింటా దాదాపు సమానం, ఎండ ఎలాగూ ఒక్కటే. అయినా మొదటి పేటలో మరణాలు లక్షకు 40, రెండోదానిలో 4. తేడా అంతా వీధిలో ఉంది. నార్త్ లాన్‌డేల్‌లో దుకాణాలు మూతబడి, ఇళ్ళు పాడుపడి, ఖాళీ జాగాలు మిగిలాయి. బయటికి రావడానికి ముసలివాళ్ళకు భయం, వచ్చినా వెళ్ళడానికి చోటు లేదు. సౌత్ లాన్‌డేల్ వీధులు జనంతో, చిల్లర దుకాణాలతో కిటకిటలాడేవి. ఉక్కపోస్తే ముసలావిడ కాళ్ళీడ్చుకుంటూ పక్క షాపుకు నడిచి చల్లగా కూర్చుంది. అంతే, బతికింది.

మనం 'రద్దీ' అని ముక్కు మూసుకుంటున్నది ఆ వీధినే. దాన్ని వదలనంటున్న డెబ్బై ఏళ్ళ మనిషిది మొండితనమైతే, ఆ మొండితనానికి లక్షకు 36 ప్రాణాల లెక్క ఉంది.

రెండు: "పరిచయాలదేముంది, అక్కడా ఏర్పడతాయి"

ముప్పై ఏళ్ళ వయసులో ఊరు మారినవాడు తన అనుభవాన్నే డెబ్బై ఏళ్ళవాడికి అంటగట్టే వాదన ఇది. కుర్రవాడికి కొత్త ఊళ్ళో ఆఫీసు ఉంటుంది, పిల్లల బడి ఉంటుంది, ఆదివారం క్రికెట్ ఉంటుంది. అవన్నీ అతన్ని జనంలోకి తోస్తాయి. రిటైరైన మనిషిని తోసేదేమీ లేదు. ఇస్త్రీ మనిషితో ఆ చనువు రావడానికి పాతికేళ్ళు పట్టింది. ఇంకో పాతికేళ్ళు ఆయన దగ్గర లేవు.

అదే 1995లో, జనవరి 17న, జపాన్‌లోని కోబేను భూకంపం కుదిపింది. ఇళ్ళు పోయినవారికి ప్రభుత్వం తాత్కాలిక గృహాలు కట్టింది. వాటిని లాటరీ తీసి పంచింది, అందులోనూ వృద్ధులకు, వికలాంగులకు ముందు వరుస ఇచ్చింది. ఎంత దయగల ఏర్పాటు! కానీ ఆ గృహాల్లో చాలావరకు నగరం అంచున, కొండవైపు కొత్త లేఅవుట్లలో, సముద్రాన్ని పూడ్చిన దీవుల్లో ఉన్నాయి. లాటరీకి ఇరుగుపొరుగుతో పనిలేదు కదా, ఒక వీధివాళ్ళు పది దిక్కులకు చెదిరిపోయారు. తర్వాతి నాలుగైదేళ్ళలో ఆ గృహాల్లో రెండువందల మందికి పైగా, పక్కన ఎవరూ లేకుండా చనిపోయి, ఆనక ఎప్పుడో ఇతరుల కంటబడ్డారు. జపాన్‌వాళ్ళు దీన్ని కొదొకుషి అంటారు, ఏకాకి చావు. ఆ మాట దేశమంతా మారుమోగింది కోబే తర్వాతే. చుట్టూ తమలాంటివాళ్ళే ఉన్నారు, తల మీద కప్పు ఉంది, సర్కారు సాయం ఉంది. పరిచయాలు మాత్రం 'ఏర్పడలేదు'.

జపాన్ దాన్నుంచి నేర్చుకుంది. 2004లో నీగాటాలో భూకంపం వచ్చినప్పుడు లాటరీ పక్కనబెట్టి, ఏ పల్లెవాళ్ళను ఆ పల్లెగా ఒకేచోటికి తరలించారు. మన దగ్గర భూకంపం అక్కర్లేకుండానే, ఆదివారానికో కుటుంబం చొప్పున, కోబే లాటరీ నడుస్తోంది. తేడా ఒక్కటే, ఇక్కడ టికెట్ కొనుక్కుని మరీ వెళ్తున్నారు.

మూడు: "తమ ఈడువాళ్ళు ఉంటారు, ఒంటరితనం ఉండదు"

మనిషి పక్కన మనిషి ఉంటే ఒంటరితనం పోతుందన్న భ్రమ చాలామందికి ఉంది. 2010లో జూలియన్ హోల్ట్‌లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, వాటిలోని 3,08,849 మంది వివరాలను గుదిగుచ్చి చూసింది. మానవ సంబంధాలు బలంగా ఉన్నవారు అధ్యయన కాలం ముగిసేసరికి బతికి ఉండే అవకాశం, బలహీనంగా ఉన్నవారికన్నా 50 శాతం ఎక్కువని తేలింది. ఈ అంకె పత్రికల్లో బాగానే తిరిగింది. దాని కింద ఉన్న మరో రెండంకెలను ఎవరూ ఎత్తరు. 'ఇంట్లో ఒక్కరే ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా' అన్న ఒక్క ప్రశ్నతో కొలిస్తే తేడా 19 శాతమే. అదే మనిషి ఎన్ని రకాల బంధాల్లో, ఎన్ని పాత్రల్లో అల్లుకుని ఉన్నాడో కొలిస్తే తేడా 91 శాతం.

సీనియర్ కాలనీ మొదటి ప్రశ్నకు జవాబిస్తుంది. రెండోదానికి ఇవ్వలేదు. బాగ్‌లింగంపల్లిలో ఆయన అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారి, పై అంతస్తు పిల్లకు లెక్కలు చెప్పే తాతయ్య, సుందరయ్య విజ్ఞాన కేంద్రం సభల్లో ముందు వరుస శ్రోత, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఫలానా కుర్చీకి హక్కుదారు. ఆమె త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రం ఎవరి కచేరీయో వీధికంతా చెప్పే మనిషి, గుళ్ళో ధనుర్మాసం ప్రసాదాల లెక్క చూసే పెద్దమ్మ. కొత్త కాలనీలో వీళ్ళిద్దరికీ దక్కే పాత్ర ఒక్కటే: 'రెసిడెంట్'.

పైగా అందరూ డెబ్బై దాటినవాళ్ళే ఉన్నచోట పదేళ్ళకు ఏమవుతుంది? అందరికీ ఎనభై వస్తుంది. బల్బు మార్చేందుకు స్టూలెక్కేవాడు ఉండడు. నెలకో కుర్చీ ఖాళీ అవుతుంటే డైనింగ్ హాల్లో మిగతావాళ్ళు దాన్ని చూస్తూ తింటారు. మన సమాజం వితంతువును, పెద్దవాళ్ళను వేరే వరుసలో కూర్చోబెట్టిన పాపం చాలదన్నట్టు, ఇప్పుడు ఆ వరుసకు కాంపౌండ్ గోడ కట్టి 'కమ్యూనిటీ' అని పేరు పెట్టడం గొప్ప నాగరికతేమీ కాదు.

నాలుగు: "గాలి, పచ్చదనం"

గాలి నిజమే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌తో పోలిస్తే మొయినాబాద్ మండలంలోని ఎంకపల్లి గాలి వంద రెట్లు నయమని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే ఆ గాలి అక్కడెందుకు మిగిలిందో కూడా చెప్పాలి.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, నగరాన్ని కాపాడేందుకు, దాహం తీర్చేందుకు నిజాం కాలంలో రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వాటి పరీవాహకం చెడకుండా 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ వంటి మండలాల్లోని 84 గ్రామాల్లో భారీ కట్టడాలను నిలువరించింది. అక్కడి గాలికి, పచ్చదనానికి ఆ కాగితమే కాపలా. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షల్ని సడలించారు, 2023 మేలో నాటి మంత్రివర్గం జీవో 111ను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. ఆ మర్నాటి నుంచీ హోర్డింగులు ఎలా మొలిచాయో ఆ దారిన వెళ్ళేవారికి తెలుసు. గాలి కోసం ఒక్కొక్కరే వచ్చి ఇల్లు కట్టుకునే కొద్దీ ఆ గాలి తగ్గుతుంది. ఇవాళ తోటను చూసి కొన్న పెద్దాయన, పదేళ్ళ తర్వాత తన కిటికీలోంచి ఎవరి గోడ చూస్తాడో బ్రోచర్‌లో లేదు. నగరం అక్కడికీ వస్తుంది. తన వెంట పొగ తెస్తుంది గానీ పాతికేళ్ళ ఇస్త్రీ మనిషిని తీసుకురాదు.

దారి సంగతి వేరే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు ఏళ్ళ తరబడి నానింది. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. డెబ్బై ఏళ్ళ మనిషి చెల్లెల్ని చూడటానికి నల్లకుంట రావాలంటే, స్నేహితుడి దశదినకర్మకు మలక్‌పేట చేరాలంటే, ఆ రోడ్డు మీద రావాలి, చీకటి పడేలోపు ఆ రోడ్డు మీదే తిరిగి వెళ్ళాలి. మొదటి ఏడాది వస్తారు. రెండో ఏడాది ఫోన్‌లో పరామర్శిస్తారు.

ఆ రోడ్డు విస్తరణ ఆలస్యానికి ఒక కారణం అంచుల్లోని ఊడల మర్రులు, దాదాపు తొమ్మిది వందలు. నరకొద్దని, పెకలించి వేరేచోట నాటినా పాత మర్రులు బతకడం కష్టమని పర్యావరణ ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి రోడ్డు వేసేందుకు అధికారులు ఒప్పుకున్నారు. మంచి పోరాటం, నగరంలోని చదువుకున్నవాళ్ళు చాలామంది దానికి మద్దతిచ్చారు. వాళ్ళలో ఎందరు అదే నెలలో తమ అమ్మానాన్నల తరలింపు గురించి అదే రోడ్డు మీద బేరమాడి ఉంటారో!

ఇంకో మాట. నగరం నుంచి చూసేవారికి ఎంకపల్లి అంటే ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు, వాటి మధ్య ఖాళీ జాగా. ఆ జాగా ఖాళీ కాదు. ఈ చుట్టుపక్కల రైతులు కూరగాయలు, పూలు పండించి నగరానికి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపుతారు. 2025లో ఇదే ఎంకపల్లిలో గోశాల కోసం సుమారు వంద ఎకరాల ప్రభుత్వ భూమిని తీసుకోబోతే, తరాలుగా దున్నుకుంటున్నామంటూ రైతులు రోడ్డెక్కారు. వాళ్ళలోనూ ముసలివాళ్ళున్నారు. పుట్టినచోటే, తెలిసిన ముఖాల మధ్యే ముసలితనం గడపాలన్న కోరిక వాళ్ళకూ ఉంటుంది. చేనుకు పోయే బాటకు అడ్డంగా వెంచర్ గోడ లేస్తే ఆ కోరిక కూడా చుట్టుదారి పట్టాల్సిందే. నగరంలో ఒక తాతను పెకలించి, పల్లెలో ఇంకో తాతకు అడ్డం నాటే ఏర్పాటుకు 'ప్రశాంత విశ్రాంత జీవనం' అని పేరు.

ఐదు: "ఆస్పత్రి పక్కనే ఉంటుంది"

ఈ వాదనను తేలిగ్గా కొట్టేసేవాళ్ళు అక్కడ ఆస్పత్రి ఎక్కడుంది అంటారు. అది తప్పు. ఎంకపల్లిలోనే భాస్కర్ మెడికల్ కాలేజీ, దాని ఆస్పత్రి ఉన్నాయి. చేవెళ్లలోనూ మెడికల్ కాలేజీ ఉంది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఊరూరికీ పాకింది. దూరం గురించిన పేచీ పెద్దగా నిలబడదు.

పేచీ అంతకుముందరి గంట గురించి. 108కి ఫోన్ చేసేదెవరు? స్నానాల గదిలో జారిపడిన మనిషి చెయ్యలేదు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి చెయ్యలేదు. నర్సు రౌండ్లకు వేళలుంటాయి, జారిపడటానికి వేళలుండవు. పేగుబంధం అమెరికాలో ఉన్నప్పుడు, పడిపోయిన సంగతిని పసిగట్టేది పక్క ఫ్లాటువాళ్ళు: గుమ్మం ముందు పాలపాకెట్ తొమ్మిదింటికీ అలాగే ఉండటం, పొద్దున్నే వినబడాల్సిన సుప్రభాతం వినబడకపోవడం, కుక్కర్ కూత రాకపోవడం. గేటెడ్ కాలనీల్లో కెమెరాలు ఉంటాయి. అవి లోపలికి వచ్చేవాణ్ణి చూడటానికి పెట్టినవి, బయటికి రానివాణ్ణి కాదు.

ఇక పదిహేనేళ్ళుగా చూస్తున్న ఫ్యామిలీ డాక్టరు. ఏ మందు పడదో, ఎవరి గురించి దిగులుపడితే షుగర్ పెరుగుతుందో ఆయనకు తెలుసు. కొత్త చోట ఫైలు తెరిచి మొదటినుంచీ చెప్పుకోవాలి. మతిమరుపు మొదలైన మనిషి ఏం చెప్పుకుంటాడు?

ఆరు: "మాకు మనశ్శాంతిగా ఉంటుంది"

ఇది చివర్లో, చిన్న గొంతుతో వచ్చే మాట. నిజాయితీ గల మాట కూడా. కానీ ఎవరి మనశ్శాంతికి ఎవరు ఇల్లు మారుతున్నారన్నది పైకి చెప్పుకోవాలి. 'మీ మంచికే' అన్న తొడుగు తీసి 'మా నిద్రకే' అని చెబితే, తల్లిదండ్రులు బహుశా ఒప్పుకుంటారు కూడా. పిల్లల కోసం ఒప్పుకోవడం వాళ్ళకు కొత్తా? అందుకే ఆ ఒప్పుకోలును ఇష్టంగా లెక్కగట్టకూడదు.

ఇంకా పెద్ద చిక్కు, ఇది వెనక్కి రాని అడుగు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కొడుక్కి రాసిచ్చిన ఇల్లు తిరిగొచ్చే దారి ఉంది. మూడోమనిషికి అమ్మేసిన ఫ్లాటుకు ఏ చట్టమూ లేదు. ఆర్నెల్లకు "ఇక్కడ పొద్దుపోవడం లేదురా" అంటే అప్పటికి బాగ్‌లింగంపల్లిలో అదే ఫ్లాటు కొనే స్తోమత ఉండదు, ఉన్నా అది అమ్మకానికి ఉండదు. సలహా ఇచ్చినవాడు తన తప్పు దిద్దుకోలేని సలహా ఇవ్వడం అన్యాయం.

మరి ఆ మూడో అంతస్తు సంగతి?

అవతలి వాదనలో తోసిపుచ్చలేని భాగం ఇదొక్కటే. లిఫ్టు లేని మెట్లు, జారే స్నానాల గదులు, నడవలేని రోడ్లు, అన్నీ నిజం. మోకాళ్ళు అరిగిన మనిషికి మూడో అంతస్తు బందిఖానాయే, వీధి ఎంత కళకళలాడినా కిటికీలోంచి చూడటానికే. ఉన్నచోట ఉండనివ్వండి అని ఉపన్యాసమిచ్చి ఆ మెట్ల దగ్గర వదిలేసేవాళ్ళు, ఫామ్‌ప్లాట్ అమ్మేవాడికన్నా మెరుగేమీ కాదు.

కానీ మెట్లు సమస్య అయితే మందు మెట్లకు వెయ్యాలి. ఇక్కడే అందరూ చేస్తున్న పొరపాటు ఒకటుంది. పెద్దవాళ్ళు 'ఇల్లు వదలం' అంటే పిల్లలు ఆ ఇంటి గోడల గురించి అనుకుంటున్నారు. వాళ్ళు చెబుతున్నది గల్లీ గురించి. అదే గల్లీలో కింది అంతస్తుకు మారమని అడిగి చూడండి, సగంమంది సంతోషంగా మారతారు. పాత ఫ్లాటు అద్దెకిచ్చి, ఆ అద్దెతో పక్క సందులో నేలమీది వాటా తీసుకోవడానికి ఏ బ్రోచరూ అక్కర్లేదు. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ, జారని టైల్స్, రాత్రి వెలిగే చిన్న లైటు: వీటికయ్యే ఖర్చు అమెరికా నుంచి ఒకసారి వచ్చిపోయే టికెట్‌లో ఎన్నో వంతో పిల్లలే లెక్కేసుకోవచ్చు. పాత అపార్ట్‌మెంట్‌కు బయటినుంచి లిఫ్టు అమర్చడం ఖరీదైన పనే. పన్నెండు ఫ్లాట్లూ పంచుకుంటే అసాధ్యం మాత్రం కాదు. అందులో తొమ్మిదింట్లో అరవై దాటినవాళ్ళే ఉంటే, మీటింగ్‌లో తీర్మానం నెగ్గడమూ కష్టం కాదు.

అలా తమంతట తామే వృద్ధుల కాలనీలుగా మారిన ఇళ్ళ సముదాయాలను అమెరికా ముప్పై నలభై ఏళ్ళ కిందటే గుర్తించింది. న్యూయార్క్‌లో వస్త్ర కార్మికుల యూనియన్ 1962లో కట్టించిన పెన్ సౌత్ సహకార గృహ సముదాయంలో, కుర్రవాళ్ళుగా చేరిన కార్మికులు అక్కడే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళను కదిలించకుండా 1986 నుంచి నర్సును, సామాజిక కార్యకర్తను ఆ భవనాల్లోకే తెచ్చారు. బోస్టన్‌లోని బీకన్ హిల్ పేటవాళ్ళు 2002లో ఇంకో దారి తొక్కారు. పేటలోని పెద్దవాళ్ళే సంఘం పెట్టుకుని, ఏటా చందా వేసుకుని, ఒక చిన్న ఆఫీసు నడుపుతున్నారు. ప్లంబర్ కావాలన్నా, ఆస్పత్రికి తోడు కావాలన్నా ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తే చాలు. అమెరికాలో ఇప్పుడు అలాంటివి రెండువందలకు పైగా ఉన్నాయి. డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మకు ఫామ్‌ప్లాట్ చూసేముందు తానుంటున్న దేశంలోని ముసలివాళ్ళు ఏం కోరుకుంటున్నారో ఒకసారి కనుక్కుంటే బాగుంటుంది.

హైదరాబాద్‌కు ఇదంతా దిగుమతి సరుకూ కాదు. వాచ్‌మన్‌కు, లిఫ్టు రిపేరుకు, బోరు మోటారుకు నెలనెలా చందాలు వసూలు చేసే సంఘం ప్రతి అపార్ట్‌మెంట్‌కూ ఉంది. ఆ జాబితాలో ఒక నర్సు వారానికి రెండు పూటలు చేరడానికి అడ్డేమిటి? 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఎవరి మీదా ఆధారపడకుండా అక్క ఇంటికి, గుడికి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తున్న పెద్దావిడలను ఆ బస్సుల్లో చూడొచ్చు. బస్టాపు దాకా నడవడానికి ఒక ఫుట్‌పాత్ ఉంటే ఇంకా చాలామంది ఎక్కుతారు. ఆ ఫుట్‌పాత్ కోసం నగరపాలక సంస్థతో పోట్లాడాల్సింది కాలనీ సంఘాలు, ఆ పోట్లాటకు పిల్లలు డాలర్లలో చందా ఇవ్వొచ్చు.

తోటలో ఉండాలని మనసారా కోరుకునే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఆపక్కర్లేదు. అయినా ముందు ఆర్నెల్లు అద్దెకు ఉండి చూడాలి, అందులో ఒక వానాకాలం ఉండాలి, ఈలోగా నగరంలోని ఫ్లాటుకు తాళం వేసి ఉంచాలే గానీ అమ్మకూడదు. ఇంత చిన్న షరతుకు ఒప్పుకోని కొడుకు, ఆ ప్లాటు తల్లిదండ్రుల కోసం కొంటున్నాడో భూమి రేటు కోసం కొంటున్నాడో తనకు తానే చెప్పుకోవాలి.

ఆదివారం సైట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు క్లబ్‌హౌస్ ఎప్పటికి పూర్తవుతుంది, రిజిస్ట్రేషన్ ఎంత అని కొడుకు అడుగుతాడు. వెనక సీట్లోంచి దిగిన అమ్మను కూడా ఒక ప్రశ్న అడగనివ్వాలి: ఊరెళ్ళేటప్పుడు ఇక్కడ తాళంచెవి ఎవరికిచ్చి వెళ్ళాలి? సెక్యూరిటీ క్యాబిన్‌లో ఇవ్వొచ్చు మేడమ్ అంటాడు సేల్స్ కుర్రాడు. షిఫ్టు మారాక ఆ క్యాబిన్‌లో ఎవరుంటారో అతనికీ తెలీదు. అటు బాగ్‌లింగంపల్లిలో చీకటి పడబోతుంటే, పక్కింటావిడ తన కొంగున ముడేసుకున్న తాళంచెవితో వీళ్ళ తలుపు తీసి, వరండా లైటు వేసి, తులసి కుండీలో చెంబెడు నీళ్ళు పోసి, మళ్ళీ తాళం వేసుకుని వెళ్తుంది.